పటంలో లేని 212 గీత

తెల్లవారుతోంది. గండికోట మసీదు దాటి ఉత్తరం వైపు నడుస్తున్నారు మీరు. దారంటూ ఏమీ లేదు. ఎర్రరాతి బండలు, బండల మధ్య పగుళ్లు, పగుళ్లలో ఎండిన గడ్డి. నాలుగడుగులకోసారి కిందికి చూసుకోక తప్పదు. ఉన్నట్టుండి బండలు అయిపోతాయి. ముందు గాలి తప్ప ఇంకేమీ ఉండదు. మూడు వందల అడుగుల కింద పెన్న, ఎర్రమల కొండను నిలువునా చీల్చుకుని తూర్పుకు మళ్లుతోంది. ఎదుటి గట్టు మీద మేకలు కనిపిస్తున్నాయి. వాటి మెడల్లోని గంటలు కూడా వినిపిస్తున్నాయి. అక్కడికి పోవాలంటే మాత్రం చుట్టు తిరిగి పోవాల్సిందే.

బండ మీద షీటు పరచండి. గాలి ఊరుకోదు, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టండి. ఇది సర్వే ఆఫ్ ఇండియా వారి 57జె/5 నంబరు షీటు. రేఖాంశం 78 డిగ్రీల 15 నిమిషాల నుంచి 30 నిమిషాల దాకా, అక్షాంశం 14 డిగ్రీల 45 నిమిషాల నుంచి 15 డిగ్రీల దాకా ఉన్న నేల అంతా ఇందులోకి వచ్చేసింది. అంటే దాదాపు 745 చదరపు కిలోమీటర్లు, అర మీటరుకు కాస్త మించిన కాగితం మీద. ఒక సెంటీమీటరుకు 500 మీటర్లు. గండికోట ఇందులోనే ఉంది, జమ్మలమడుగు ఇందులోనే ఉంది. మీరు నిలబడిన చోట గోధుమరంగు గీతలు ఒకదాని మీద ఒకటి పడబోయి ఆగినట్టున్నాయి. అవి సమోన్నత రేఖలు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోయే గీత ఒక్కొక్కటీ. గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. నేల చదునుగా ఉంటే గీతలు దూరం జరుగుతాయి, నిటారుగా ఉంటే ముడుచుకుంటాయి. ఇక్కడ ముడుచుకోవడానికి కూడా చోటు చాలలేదు. లోయ మొత్తం వెడల్పు కాగితం మీద కొన్ని మిల్లీమీటర్లే. అందుకని గీసినవాడు గీతలు ఆపేసి కొండచరియ గుర్తు వేశాడు.

ఎవరు గీశారు దీన్ని? పేరుండదు. షీటు కింద సర్వే జరిగిన సంవత్సరాలు ఉంటాయి, అచ్చు వేసిన చోటు ఉంటుంది, గీసిన మనిషి పేరు ఉండదు. కానీ అతను ఇదే అంచున నిలబడి ఉంటాడు, మనకంటే ఎక్కువసేపు.

అతని పని ఎలా ఉండేదో ఇక్కడే చేసి చూడవచ్చు. లోయ దాటకుండా లోయ వెడల్పు కొలవాలి. మీరున్న చోట ఒక రాయి పెట్టండి. అంచు వెంబడి 100 మీటర్లు టేపుతో కొలిచి ఇంకో రాయి పెట్టండి. ఎదుటి గట్టున ఒక గుర్తును, మొండి చెట్టునో విడిబండనో ఎంచుకోండి. మొదటి రాయి దగ్గర నుంచి ఆ చెట్టు ఏ కోణంలో కనిపిస్తుందో చూడండి, రెండో రాయి దగ్గర నుంచి ఏ కోణంలో కనిపిస్తుందో చూడండి. ఒక భుజం, రెండు కోణాలు. హైస్కూలు లెక్క. చెట్టు ఎంత దూరంలో ఉందో తేలిపోతుంది, మీరు లోయ దాటకుండానే.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టింది ఈ లెక్కే. వంద అడుగుల ఉక్కు గొలుసుతో ఒక భుజం కొలిచి, అక్కడ నుంచి త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ దేశం అడ్డంగా, నిలువుగా నడిచాడు. అర టన్ను బరువుండే థియోడొలైట్‌ను మనుషులు మోశారు. 78వ రేఖాంశం పొంత ఉత్తరానికి సాగిన ఆ నిలువు వరస రాయలసీమ మీదుగానే పోయింది. లెక్క తప్పిందేమో సరిచూసుకోవడానికి 1811లో గుత్తి దగ్గర నేల మీద మళ్లీ గొలుసు పరిచాడు లాంబ్టన్. మన షీట్ల పెద్ద చదరం 57జెకి పడమటి అంచు సరిగ్గా ఆ 78వ రేఖాంశమే. ఆ వరస మన నేల మీదుగా పోవడం సీమ చరిత్రలో చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోని సంగతి అని నా నమ్మకం. ఎవరెస్ట్ శిఖరం ఎత్తు తేలింది కూడా ఆ త్రిభుజాల వరస కొనసాగింపుతోనే.

ఆ పెద్ద త్రిభుజాల మధ్య ఖాళీని నింపినవాడు బల్ల సర్వేయరు. మూడు కాళ్ల మీద చెక్కబల్ల, బల్లకు బిగించిన కాగితం, గురి చూసే చీలిక ఉన్న బద్ద. ఎక్కడో కొండ కొన మీద లాంబ్టన్ వారసులు వదిలిన గుర్తులు మూడు కనబడితే చాలు. ఒక్కొక్క దానికీ గురి పెట్టి కాగితం మీద వెనక్కి గీత లాగుతాడు. మూడు గీతలూ ఒకే చుక్కలో కలవాలి. కలవవు. చిన్న త్రిభుజం మిగులుతుంది. బల్లను వెంట్రుకవాసి తిప్పి మళ్లీ గీస్తాడు. త్రిభుజం చిన్నదవుతుంది. అది చుక్కగా మారిన క్షణాన తానెక్కడున్నాడో అతనికి తెలుస్తుంది. జెండా పట్టుకున్న ఖలాసీ ఎండలో ఎదురుగుట్ట ఎక్కి నిలబడేది ఆ చుక్క కోసమే. తర్వాత విమానం నుంచి తీసిన ఫోటోలు వచ్చాయి, ఉపగ్రహాలు వచ్చాయి. ఇప్పుడు భూముల రీసర్వేలో మన ఊళ్లలోనే డ్రోన్లు ఎగురుతున్నాయి, రోవరు కర్ర పట్టుకుని సర్వేయరు పొలంలో దిగుతున్నాడు. వాగు పేరు మాత్రం ఏ డ్రోనూ చెప్పదు. దానికి దిగి మనిషిని అడగాల్సిందే.

ఫోన్ తీసి మీరున్న చోటు చూసుకుంటున్నారా? అది చూపే అంకెల్ని ఈ పాత షీటు మీద పెడితే వంద మీటర్లు పైచిలుకు పక్కకు పడుతుంది. తప్పు ఫోనుదీ కాదు, షీటుదీ కాదు. పాత షీటు 1830లో ఎవరెస్ట్ అనే సర్వేయరు లెక్కగట్టిన భూమి ఆకారం మీద గీసింది, ఫోను వేరే లెక్క మీద నడుస్తుంది. లోయ అంచున వంద మీటర్లంటే చిన్న సంగతి కాదు. ఇక్కడ కళ్లనే నమ్ముకోండి.

ఎండ ఎక్కకముందే దిగి కొండాపురం వైపు పోదాం. లోయకు ఎగువన, పెన్నకు చిత్రావతి కలిసే ఆ పల్లపు నేల ఇప్పుడు గండికోట జలాశయం. 26.85 టీఎంసీల నీళ్లు పట్టే చోటు. గాలేరు–నగరి పథకం కింద, శ్రీశైలం వెనక జలాల నుంచి వరద కాలువలో అవుకు సొరంగం దాటి వస్తాయి ఈ నీళ్లు. రోడ్డు ఒకచోట నీళ్లలోకి దిగిపోతుంది. అక్కడ ఆగండి. తారు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, ఒక పది అడుగుల దాకా. ఆ తర్వాత ఆకుపచ్చ నీడ, ఆ తర్వాత నీలం. నీళ్లలో తలలు ఎండిన తుమ్మచెట్లు, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఈ సీమలో ఇంత నీళ్లు చూస్తే కడుపు నిండుతుంది. ఆ మాట దాచాల్సిన పనిలేదు.

ఈ చోటికి నా దగ్గరున్న షీటు ఆనకట్టకు ముందు నాటిది. ఇందులో ఇక్కడ నీళ్లు లేవు. ఎర్రచుక్కలుగా ఇళ్లున్నాయి, గుడి గుర్తుంది, బండిబాట ఉంది, పక్కన నల్ల అక్షరాల్లో ఊరి పేరుంది. కట్ట మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏం సార్, ఏందది? కొలతలకొచ్చినారా?"

"కొలతలకు కాదు పెద్దాయనా. పాత పటం. ఊరికే చూస్తున్నాం."

"తాళ్లప్రొద్దుటూరు ఉండాదా అందులో?"

చూపిస్తే వంగి, వేలితో తడిమాడు. అద్దాలు లేవు, అక్షరాలు కనపడ్డం లేదు. కానీ వంక ఎక్కడ తిరుగుతుందో గుర్తుపట్టాడు. వంక మలుపు నుంచి వేలు పైకి జరిపి, "ఈడ రచ్చబండ. దీనెనకాల మా ఇల్లు" అన్నాడు. పటంలో రచ్చబండ లేదు. ఆయన వేలు ఆగిన చోట మాత్రం ఇళ్ల ఎర్రచుక్క సరిగ్గా ఉంది.

2020లో జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు ఖాళీ అయిన ఊరది. ఊళ్లో వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు, పరిహారం కోసం, గడువు కోసం. ఆ రోజుల్లో పేపర్లు చదివినవారందరికీ గుర్తుండే ఉంటుంది.

"మా ఇంట్లోకి నీళ్లు రావన్న్యారు సార్ మొదట. మళ్లా వస్తాయన్న్యారు. కడాకి వచ్చినాయి" అన్నాడు పెద్దాయన.

షీటును ఇంకోసారి చూడండి. ఈ జలాశయం నిండు నీటిమట్టం 212 మీటర్లు. పటంలో 200 గీత ఉంది, 220 గీత ఉంది. 212 గీత లేదు. ఒక ఊరి బతుకును తేల్చిన ఎత్తు రెండు గీతల మధ్య తెల్లటి ఖాళీలో పడింది. నిటారు కొండల్లో ఆ ఖాళీ వెంట్రుకంత ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. పల్లపు చేలల్లో అదే ఖాళీ కిలోమీటర్లు సాగుతుంది. ఆ కిలోమీటర్లలోనే ఇళ్లు, చీనీ చెట్లు, బావులు, సమాధులు అన్నీ ఉంటాయి. అందుకని ముంపు గీత పటం చూసి గీయలేరు. లెవెల్ మిషను మూడు కాళ్ల మీద నిలబెట్టి, ఎత్తు తెలిసిన రాతి మీద కొలకర్ర పెట్టి అంకె చదివి, కర్రను ముందుకు జరిపి మళ్లీ చదివి, మిషను ముందుకు జరిపి మళ్లీ చదివి, అలా ఊరూరా పోతారు. వెనక చూపు, ముందు చూపు, పుస్తకంలో రెండు అంకెలు, వాటి తేడా. కర్ర ఒక్క చెయ్యి వంగితే, మెత్తటి నేలలో ఒక అంగుళం దిగితే, ఆ తప్పు చివరి ఇంటి దాకా వస్తుంది. ముంపు గ్రామాల్లో ఈ పని జరిగేటప్పుడు ఆ పుస్తకంలో ఏం రాస్తున్నారో చదవగలిగిన మనిషి ప్రతి ఊళ్లోనూ ఒక్కడైనా ఉండి ఉండాల్సింది. ఇది కోపంతో అంటున్న మాట కాదు. పదో తరగతి చదివిన పిల్లవాడికి ఒక్క పూటలో నేర్పగలిగిన విద్య అది.

చదును నేల సర్వేయరుకు ఎప్పుడూ కష్టమే. కెనడా ఉత్తరాన హడ్సన్ బే ఒడ్డున చిత్తడి నేల ఒకటుంది, ప్రపంచంలోని పెద్ద చిత్తడి నేలల్లో ఒకటి. కిలోమీటరుకు మీటరు వాలు కూడా ఉండదు. అక్కడి షీట్లు కూడా ఇదే 1:50,000 కొలతలో ఉంటాయి. 20 మీటర్ల గీతలైతే ఒక షీటు మొత్తం మీద ఒకటి పడితే గొప్ప. మిగతాదంతా నీలి గడ్డిగుర్తులు, లెక్కకు అందని మడుగులు, మెలికలు తిరిగే ఏర్లు. కొండ కొన ఉండదు, గురి పెట్టడానికి ఏమీ ఉండదు. విమానం ఫోటోలే దిక్కయ్యాయి. మనకు కొండలున్నాయి, గురి ఉంది. మనకు లేనిదల్లా ఏట్లో నీళ్లు.

ఆ మాట పటంలోనే రాసి ఉంది. కిందికి రండి, మైలవరం ఆనకట్ట దాటి జమ్మలమడుగు వైపు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఒక కట్టుబాటుంది. నీళ్లున్న ఏరు నీలం, ఎండిన వంక నలుపు. జమ్మలమడుగు, ముద్దనూరు మధ్య వంకలన్నీ నల్లగా, ఎండుకొమ్మల్లాగా పెన్నలోకి దిగుతున్నాయి. చెరువుకు కట్ట గీత ఉంటుంది, లోపల నీలం ఉండదు. కట్ట పక్కన చిన్నగా 4r అని రాసి ఉంటే, ఆ కట్ట పక్క నేల కంటే 4 మీటర్లు ఎత్తని అర్థం. పక్క ఊరి బావికీ ఉండొచ్చు అలాంటి అంకె. సర్వేయరు వంగి చూసి రాసుకున్నదే అది. ఈ నల్లరేగడి నేలలో శీతాకాలం బుడ్డశనగ పచ్చగా ఉంటుంది. వేసవిలో అదే నేల పాదం పట్టేంత పగుళ్లిస్తుంది. పటానికి ఏ కాలమూ తెలియదు, దానికి పసుపు రంగు ఒక్కటే తెలుసు, సాగు భూమి అని.

ప్రొద్దుటూరు దగ్గర షీటు మార్చాలి. 14 డిగ్రీల 45 నిమిషాల గీత ఈ ఊరి మీదుగానే పోతుంది. ఊరు 57జె/9కీ 57జె/10కీ మధ్య పడింది. బంగారం అంగళ్ల వీధుల్లో తిరగాలంటే రెండు కాగితాలు అంచుకు అంచు అతికించుకోవాలి. రామేశ్వరం గుడి దగ్గర ఏట్లోకి దిగండి. కాగితం మీద పెన్న ఇక్కడ చుక్కలు చుక్కలుగా ఉంటుంది, ఇసుక గుర్తు. కాలి కింద కూడా అంతే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇసుక చెప్పుల్లోంచి కాలుతుంది. అర అడుగు తవ్వితే తడి, రెండడుగులు తవ్వితే చెలమ. పైన మైలవరంలో నీళ్లు వదిలితే ఈ ఇసుకలోంచి పాకి వస్తాయి. అప్పుడిక్కడి మంచినీటి బావులకు ఊపిరి వస్తుంది. ఏరు మన కంటికి ఎండినట్టుంటుంది కానీ లోపల నడుస్తూనే ఉంటుంది. ఏ పటమూ ఆ లోపలి ఏటిని చూపించదు. ఇసుక ట్రాక్టరు తోలే మనిషికి అది మనకంటే బాగా తెలుసు, ఆపాల్సింది కూడా అతన్నే.

అక్కడ నుంచి పులివెందులకు పోవాలంటే 57జె/3 షీటు. దారి మలుపు మలుపుకూ రాయి మారుతుంది. కడప నాపరాయి అందరికీ తెలుసు. కానీ 1872లో విలియం కింగ్ ఈ కొండల మీద రాసిన పెద్ద నివేదిక తర్వాత భూగర్భ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ మన ఊళ్ల పేర్లు వల్లెవేస్తాడని ఎంతమందికి తెలుసు? కిందనుంచి పైకి గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట. ఒక్కొక్కటీ ఒక శిలావరస పేరు. దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంటే పాత రాయి మీంచి కొత్త రాయి మీదికి పోతున్నారు మీరు. వేంపల్లె దగ్గర రోడ్డుకు కోసిన గట్టులో ఆగి, బూడిదరంగు రాతి మీద నీళ్లు పోసి చూడండి. అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలో లాగా పొర మీద పొర, గుండ్రంగా తేలుతుంది. లోతు తక్కువ సముద్రంలో కంటికి కనపడని జీవులు కట్టిన పొరలవి. పులివెందుల దగ్గర ఈ శిలావరసల మధ్యకు ఎగదన్నిన అగ్నిశిల వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని తేల్చారు. ఆ రాయిని తడిపిన నీళ్లు ఆరిపోయేదాకా చూస్తూ ఉండాలనిపిస్తుంది.

అక్కడ నుంచి గండి దగ్గరే. పాపాఘ్ని శేషాచలం కొండను కోసుకుని వచ్చే చోటు, ఆంజనేయస్వామి గుడి. ఇక్కడివాళ్లు చెప్పే కథ విన్నారా? రాముడి కోసం ఆంజనేయుడు ఈ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడట. అది అందరికీ కనపడదు, పోయేముందు పుణ్యాత్ములకే కనపడుతుందట. థామస్ మన్రో ఈ దారిన పోతూ తల పైకెత్తి, ఎవరు కట్టారీ తోరణం అని అడిగాడట. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు మన్రో. దొరలందరిలో ఆయనకే ఈ కథ ఎందుకు దక్కిందో ఆలోచిస్తే నాకు ఆశ్చర్యం లేదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ఇచ్చేస్తే కలెక్టరుగా వచ్చి, 1802 నుంచి చేను చేనూ గొలుసు పెట్టి కొలిపించింది ఆయనే. 33 అడుగుల గొలుసు; ఆ గొలుసు చదరాలు 40 అయితే ఒక ఎకరం. కొలత సరిగ్గా ఉంటే పన్ను సరిగ్గా ఉంటుందని రైతుకు అర్థమైంది. కొలిచినవాడిని ప్రజలు గుర్తుపెట్టుకున్నారు.

గొలుసుతో పాటు కలం కూడా తిరిగింది ఇక్కడ. కాలిన్ మెకంజీ ఈ దత్తమండలాల సర్వే చేయిస్తున్న 1810 ప్రాంతంలో, ఆయన కింది తెలుగు గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను కూర్చోబెట్టి గుళ్లు, చెరువులు, ఇనాములు, శాసనాలు, ఊరు పుట్టిన కథ రాసుకున్నారు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య మొదలుపెట్టించిన పద్ధతది. 1803లో ఆయన చిన్నవయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య నడిపించాడు. అవే కైఫియత్తులు. కడపలో బ్రౌన్ గ్రంథాలయం వాటిని అచ్చు వేసింది. రెండు వందల ఏళ్ల కిందట ఒక గుమాస్తా నడిచి వచ్చి పేరు రాసుకున్న ఊళ్లలో కొన్ని ఇవాళ నీళ్ల కింద ఉన్నాయి. వాటి పాత కథ మనకు తెలుస్తున్నది ఆ రాత వల్లే.

కొత్త షీట్లు వస్తున్నాయి. గండికోట జలాశయం నీలంగా, నిండుగా, అందంగా ఉంటుంది వాటిలో. ఆ నీలం మీద తాళ్లప్రొద్దుటూరు పేరు కూడా ఉండాలి. పాత ఇళ్ల గుర్తు చుక్కల గీతతో ఉంచి, మునిగిన ఊరు అని కింద చిన్న అక్షరాల్లో రాస్తే చాలు. కొండాపురం మండలంలో మునిగిన ప్రతి ఊరికీ, రేపు ఇంకో జలాశయం కింద మునగబోయే ఊరికీ ఇదే జరగాలి. సర్వే ఆఫ్ ఇండియాకు ఇది ఒక్క గీత పని. మన జిల్లా ఉన్నత పాఠశాలల గోడల మీద ప్రపంచపటం పక్కన ఆయా ఊళ్ల షీట్లు కూడా వేలాడాలి. సమోన్నత రేఖ చదవడం వచ్చిన పిల్లలకు రేపు తమ ఇల్లు ఏ గీత పైన ఉందో, ఏ గీత కింద ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మీరు కూడా మీ ఊరి షీటు ఒకటి తెప్పించుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుండగానే దాన్ని వాళ్ల ముందు పరిచి, పటంలో పేరు లేని వంకకు, గుట్టకు, దారికి వాళ్లు పిలిచే పేరు అడిగి పెన్సిలుతో రాసిపెట్టండి.